జియోనిజం, పాలస్తీనా: బాధ్యతను ఎక్కడి నుంచి లెక్కించాలి?

ప్రశ్న: ద్వారకానగర్ పాఠకుడు

అందరికీ నమస్కారం. విశాఖ పౌరగ్రంథాలయంలో ఆదివారం పూట కలుసుకునే మా చిన్న బృందంలో కొన్నాళ్లుగా గాజా తప్ప మరో చర్చ సాగడం లేదు. మాలో సగం మంది వామపక్ష సాహిత్యం చదువుకుంటూ పెరిగినవారు. వారి దృష్టిలో జియోనిజం, అంటే యూదులకు పాలస్తీనాలో సొంత దేశం కావాలన్న ఉద్యమం, యూరప్ వలసవాదానికి మరో రూపం, కాబట్టి ఇజ్రాయెల్ ఏర్పడిన 1948లో జరిగినదీ ఇప్పుడు గాజా అనుభవిస్తున్నదీ ఒకే కథ. మిగిలినవారిలో కొందరు ఇజ్రాయెల్‌ను ఉగ్రవాదంతో పోరాడుతున్న దేశంగా, మనకు మిత్రదేశంగా చూస్తారు. క్రైస్తవ మిత్రులు కొందరు అది దేవుడు అబ్రాహాముకు వాగ్దానం చేసిన భూమి గనుక వాదనకే తావు లేదంటారు. చర్చ ప్రతిసారీ గాజాలోని పాలస్తీనా సాయుధ సంస్థ హమాస్ ఇజ్రాయెల్ మీద దాడి చేసిన 2023 అక్టోబరు 7 దగ్గర మొదలై, ‘అంతకు ముందు సంగతేమిటి?’ అన్న ఎదురు ప్రశ్నతో 1967కి, 1948కి, 1917కి వెనక్కి జరుగుతూ పోయి, చివరికి బైబిలు కాలంలో చిక్కుకొని ఆగిపోతోంది.

జియోనిజాన్ని విమర్శించిన ప్రతివారినీ యూదు ద్వేషి అనడం న్యాయమేనా, అసలు ఆ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలి అన్నది నా మొదటి సందేహం. రెండవది అంతకన్నా కష్టమైనది. నూరేళ్లకు పైగా సాగుతున్న ఈ సంఘర్షణకు బాధ్యత ఎవరిదని నిర్ణయించాలంటే ఏ సంవత్సరం నుంచి లెక్క మొదలుపెట్టాలి? నినాదాలు మా బృందంలోనే కావలసినన్ని దొరుకుతున్నాయి కాబట్టి, దయచేసి ఆధారంతో, కాస్త ఓపికగా రాయగలరు.

జవాబు: భీమిలి మాస్టారు

మీ చర్చ అలా వెనక్కి వెనక్కి జరగడానికి కారణం, అందరూ ‘ఎవరు మొదలుపెట్టారు’ అన్న ప్రశ్ననే పట్టుకొని వేలాడడం. ఉన్నత పాఠశాలలో చరిత్ర చెప్పిన రోజుల్లో నేను పిల్లల చేత మరో ప్రశ్న వేయించేవాడిని. ఫలానా నిర్ణయం జరిగిన వేళ, వేరే దారి పట్టగలిగే శక్తి ఎవరి చేతిలో ఉంది? ఈ కొలతతో చూస్తే బాధ్యత మొత్తం ఒక్కరి నెత్తిన పడదు, అలాగని అందరికీ సమాన వాటాలుగానూ రాదు.

ముందు జియోనిజం సంగతి. రష్యా సామ్రాజ్యంలో 1881 తర్వాత యూదుల మీద వరుసగా సాగిన దాడులూ, పశ్చిమ యూరప్‌లో చదువుకున్నవారిలో సైతం చావని యూదు ద్వేషమూ కలిసి, ‘మనకంటూ ఒక దేశం లేకపోతే బతుకు లేదు’ అన్న ఆలోచనను పుట్టించాయి. 1897లో థియోడర్ హెర్జెల్ బాసెల్ నగరంలో జరిపిన తొలి మహాసభ ఆ ఆలోచనకు సంస్థాగత రూపం ఇచ్చింది. అది ఒకే గొంతుతో మాట్లాడిన ఉద్యమం కాదు. హీబ్రూ విశ్వవిద్యాలయానికి తొలి అధిపతి అయిన జూడా మాగ్నెస్, తత్త్వవేత్త మార్టిన్ బూబర్ వంటివారు యూదులకూ అరబ్బులకూ సమాన హక్కులుండే ఉమ్మడి రాజ్యం కోరారు. జెవ్ జబోటిన్‌స్కీ 1923లోనే, ఏ దేశంలోనూ స్థానికులు బయటి నుంచి వచ్చి స్థిరపడేవారిని ఇష్టపడి ఒప్పుకోరనీ, కాబట్టి సాయుధ బలమనే ‘ఇనుప గోడ’ చాటునే తమ కార్యక్రమం సాగాలనీ బాహాటంగా రాశాడు. నాకు జబోటిన్‌స్కీ దారి నచ్చదు గానీ, అరబ్బులు ప్రతిఘటిస్తారన్న నిజాన్ని దాచకుండా చెప్పిన నిజాయితీ అతని సహచరుల్లో చాలామందికి లేదని మాత్రం ఒప్పుకోవాలి.

తొలి బాధ్యత బ్రిటన్‌ది. అరబ్బులు తమను ఏలుతున్న తుర్కుల మీద తిరగబడితే స్వతంత్రం ఇస్తామన్న ఆశను 1915లో మక్కా పాలకుడు షరీఫు హుస్సేన్‌కు ఉత్తరాల ద్వారా కల్పించింది, 1916లో అదే నేలను ఫ్రాన్స్‌తో రహస్యంగా పంచుకుంది, 1917 నవంబరు 2న విదేశాంగ మంత్రి బాల్ఫర్ చేత పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పాటుకు తోడ్పడతామని ప్రకటింపజేసింది. ఆ ప్రకటన అక్కడి యూదేతరులకు పౌర, మత హక్కులు మిగిల్చింది, రాజకీయ హక్కుల ఊసు ఎత్తలేదు. 1922 జనాభా లెక్కల్లో సైతం యూదులు 11 శాతమే కాబట్టి, దేశంలో పదింట తొమ్మిది మందిని వారి భవిష్యత్తు గురించి అడగనే లేదన్నమాట. దీన్ని మంత్రివర్గంలో గట్టిగా వ్యతిరేకించిన వ్యక్తి ఆనాటి ఏకైక యూదు మంత్రి ఎడ్విన్ మాంటేగు, అంటే మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల పాఠంలో మనమంతా చదువుకున్న భారత వ్యవహారాల మంత్రే. మీ మొదటి సందేహానికి ఇంతకు మించిన ఆధారం అక్కరలేదు. జియోనిజంతో విభేదించడమే యూదు ద్వేషమైతే, ఆ నేరం మొదట మోపవలసింది మాంటేగు మీద.

అయితే గీత ఉంది. ఇజ్రాయెల్ ప్రభుత్వం చేసిన పనికి లోకంలోని యూదులందరినీ జవాబుదారులను చేసిన క్షణాన విమర్శ ద్వేషమవుతుంది. 2008 నవంబరులో ముంబయిలోని యూదు కేంద్రం నారిమన్ హౌస్‌లో ఉగ్రవాదులు అక్కడివారిని యూదులన్న కారణంతోనే చంపారు. మన గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగే మాట్లాడే యూదు సమాజం ఒకటి చిన్న ప్రార్థనా మందిరం కట్టుకొని బతుకుతోంది. గాజా మీద కోపంతో ఎవరైనా వారి గుమ్మం ముందు నిలబడి నినాదాలిస్తే దానికి మరో పేరు పెట్టనక్కర లేదు.

అరబ్బు నాయకత్వానికి వచ్చే వాటా తక్కువేమీ కాదు. 1929లో హెబ్రోన్‌లో తరతరాలుగా ఉంటున్న యూదుల్లో 67 మందిని అల్లరిమూకలు చంపాయి. 1937లో బ్రిటన్ వేసిన పీల్ కమిషన్ చూపిన విభజనను జియోనిస్టు మహాసభ చర్చకు ఆధారంగానైనా తీసుకుంది, అరబ్బు పక్షం తోసిపుచ్చింది. జెరూసలేం ముస్లిం మతపెద్ద (ముఫ్తీ) అమీన్ అల్ హుస్సేనీ 1941లో బెర్లిన్ వెళ్లి హిట్లర్‌ను కలిశాడు. మరోవైపు, యూదులకు జర్మనీలో ఊపిరాడని 1938లో కాందిశీకుల సమస్య మీద ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో కూర్చున్న 32 దేశాలు దాదాపుగా ఒక్కటీ తలుపు తీయలేదు. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్‌లు తాము మోయవలసిన బరువును పాలస్తీనా రైతు నెత్తికెత్తాయి. దీన్ని మన చర్చల్లో ఎవరూ ఎందుకు లెక్కలోకి తీసుకోరో నాకు బోధపడదు.

1947 నాటి ఐక్యరాజ్యసమితి విభజన ప్రణాళిక జనాభాలో మూడో వంతున్న యూదులకు సగానికి మించిన భూమి ఇచ్చింది. తీర్మానానికి అనుకూలంగా 33, వ్యతిరేకంగా 13 ఓట్లు వచ్చాయి, ఆ 13లో మన దేశానిదీ ఒకటి. అంతకు ముందు సమితి వేసిన విచారణ సంఘంలో భారత్, ఇరాన్, యుగోస్లావియా విడిగా ఉమ్మడి సమాఖ్య రాజ్యాన్ని సూచించాయి. విభజనను తిరస్కరించిన అరబ్బుల బాధ న్యాయమైనదే, కానీ ఆ తిరస్కారాన్ని యుద్ధంగా మార్చిన నిర్ణయానికి మూల్యం చెల్లించినది సామాన్య పాలస్తీనీయుడు. 1948 యుద్ధం తర్వాత 19 ఏళ్లు వెస్ట్ బ్యాంక్ (జోర్డాన్ నది పశ్చిమ తీరం) జోర్డాన్ చేతిలో, గాజా ఈజిప్టు చేతిలో ఉన్నా పాలస్తీనా రాజ్యాన్ని ఎవరూ ఏర్పాటు చేయలేదు.

1967 తర్వాత లెక్క మారిపోతుంది, ఎందుకంటే ఆ ఏటి యుద్ధంలో వెస్ట్ బ్యాంక్, గాజా ఇజ్రాయెల్ వశమై నేల మీద పెత్తనమంతా ఒక్క చేతికి వచ్చింది. ఆక్రమిత ప్రాంతంలో తమ పౌరులకు ఊళ్లు కట్టడం జెనీవా ఒప్పందానికి విరుద్ధమని ఇజ్రాయెల్ విదేశాంగ శాఖ సొంత న్యాయ సలహాదారు థియోడర్ మెరోన్ అదే ఏడాది సెప్టెంబరులో రాసిచ్చాడు. ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకత్వాల మధ్య ఓస్లో శాంతి ఒప్పందం కుదిరిన 1993లో వెస్ట్ బ్యాంక్‌లో, తూర్పు జెరూసలేంను మినహాయిస్తే, అలా కట్టిన ఊళ్లలో స్థిరపడినవారు (సెటిలర్లు) సుమారు 1.1 లక్షల మంది ఉంటే, ఇప్పుడు 5 లక్షలు దాటారు. శాంతి మాట్లాడుతూ ఇటుక మీద ఇటుక పేర్చడం ఎవరి బలవంతం మీదా జరిగిన పని కాదు. హమాస్ బస్సుల్లో బాంబులు పేల్చి ఓస్లోను దెబ్బతీసింది, 1994లో హెబ్రోన్ మసీదులో 29 మందిని కాల్చి చంపిన యూదు సెటిలర్ గోల్డ్‌స్టైనూ, 1995లో తమ ప్రధాని రబిన్‌నే చంపిన యూదు తీవ్రవాదీ దెబ్బతీశారు. అక్టోబరు 7న సుమారు 1,200 మందిని చంపి 251 మందిని బందీలుగా పట్టుకుపోయిన నేరం హమాస్‌ది, దానికి ముందు చరిత్ర ఏదీ సాకు కాదు. ఆ తర్వాత గాజాలో పదుల వేల మందిని పొట్టనపెట్టుకున్న బాంబులూ, ఆకలీ ఇజ్రాయెల్ ప్రభుత్వ నిర్ణయాలు, వాటికి అక్టోబరు 7 సాకు కాదు.

జవాబు: పెదగంట్యాడ నిర్వాసితుడు

మాస్టారి జవాబు నిండుగా ఉంది, కానీ ఆ కొలతలోనే నాకొక అభ్యంతరం ఉంది. ప్రతి నిర్ణయాన్నీ విడివిడిగా తూచుకుంటూ పోతే మొదటి అన్యాయం చిల్లర పద్దుల్లో కలిసిపోతుంది.

నేను ఉక్కు కర్మాగారానికి భూములు పోగొట్టుకున్న కుటుంబంలో పుట్టాను. 60కి పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయి. ఇంటికో ఉద్యోగం అన్నారు, మా పెద్దలకు ఆర్ కార్డులు, అంటే నిర్వాసితుల గుర్తింపు కార్డులు, చేతిలో పెట్టారు. ఆ కార్డును ప్లాస్టిక్ కవరులో, రేషను కార్డుతో పాటు ట్రంకు పెట్టెలో దాచుకొని, ఉద్యోగం రాకుండానే పోయినవారు మా వీధిలోనే ఉన్నారు. అయినా మాకు పరిహారం ఎంతో కొంత వచ్చింది, ఓటుంది, కోర్టుంది, కర్మాగారం గేటు ముందు టెంటు వేసుకొని కూర్చునే హక్కుంది. ఇవేవీ లేని చోట నిర్వాసితుడి పరిస్థితి ఏమిటో ఊహించుకోమని మనవి.

1948 యుద్ధంలో 7 లక్షల మందికి పైగా పాలస్తీనీయులు ఇళ్లు విడిచిపోయారు. కొందరు భయపడి పోయారు, లిడ్డా, రమ్లే పట్టణాల్లోలాగా పదుల వేల మందిని జూలై ఎండలో సైన్యమే నడిపించి వెళ్లగొట్టింది. ఏప్రిల్‌లో డేర్ యాసిన్ గ్రామంలో జరిగిన హత్యాకాండ వార్త ఊరూరా పాకి, పోనివారిని సైతం కదిలించింది. అదే ఏడాది డిసెంబరులో ఐక్యరాజ్యసమితి 194వ తీర్మానం, శాంతిగా బతకదలచిన కాందిశీకులను తిరిగి రానివ్వాలనీ, రానివారికి నష్టపరిహారం ఇవ్వాలనీ చెప్పింది. ఇజ్రాయెల్ 1950లో రెండు చట్టాలు చేసింది. ఒకటి ప్రపంచంలో ఏ మూలనున్న యూదుడికైనా వచ్చి స్థిరపడే హక్కు ఇచ్చింది, రెండవది ఊరు విడిచిన అరబ్బును ‘గైరుహాజరు’ కింద జమకట్టి అతని పొలాన్నీ ఇంటినీ ప్రభుత్వ సంరక్షకుడికి అప్పగించింది. దేశం దాటకుండా పక్క ఊరిలో తలదాచుకున్నవాడు సైతం, కళ్ల ముందే నిలబడి ఉండి, కాగితం మీద గైరుహాజరయ్యాడు. మిగిలిన అరబ్బు పౌరుల మీద 1966 వరకు సైనిక పాలన సాగింది.

కాబట్టి 1967 దగ్గర లెక్క మారిందన్న మాస్టారి మాట నేను ఒప్పుకోలేను. జియోనిజంలో మంచి మనుషులు, మంచి ఆలోచనలు ఉండవచ్చు. గెలిచి రాజ్యమైనది బూబర్ ఆలోచన కాదు. ఒక ఉద్యమాన్ని అది అమలు చేసిన చట్టాలను బట్టి తూచాలి. 2018లో వచ్చిన జాతీయ రాజ్య చట్టం ఆ దేశంలో స్వయంనిర్ణయ హక్కు యూదు ప్రజలకు మాత్రమే ప్రత్యేకమని రాసుకుంది, అక్కడి పౌరుల్లో ఐదింట ఒకరు అరబ్బులై ఉండగా.

జవాబు: రామత్‌గన్ నుంచి

నేను అనకాపల్లి వైపు అమ్మాయిని, టెల్ అవీవ్‌ను ఆనుకొని ఉన్న రామత్‌గన్‌లో ఒక పెద్దావిడకు కేర్‌గివర్‌గా పనిచేస్తున్నాను. నిర్వాసితుడు గారు రాసినదాంట్లో నేను కాదనేది ఏమీ లేదు, కానీ వారి లెక్కలో మా పెద్దావిడ ఎక్కడా లేదు.

ఆవిడ పుట్టింది బాగ్దాద్‌లో. యూరప్ ముఖం ఆవిడ కుటుంబంలో ఎవరూ చూడలేదు, ఇంట్లో అరబ్బీ మాట్లాడుకొనేవారు, ఇప్పటికీ ఆవిడ పాత అరబ్బీ పాటలు పెట్టమంటుంది, అన్నంలోకి అంబా అనే మామిడి పచ్చడి లేకపోతే ముద్ద దిగదు. 1941 జూన్‌లో బాగ్దాద్ యూదుల మీద రెండు రోజులు సాగిన ఊచకోతలో 180 మంది వరకు చనిపోయారు. దాన్ని అక్కడ ఫర్‌హూద్ అంటారు. ఆ రెండు రోజులూ ముస్లిం పొరుగింటివాళ్లు తమను మేడ మీద దాచారని ఆవిడ చెబుతుంది. ఇజ్రాయెల్ ఏర్పడ్డాక ఇరాక్ ప్రభుత్వం వెళ్లిపోయే యూదుల పౌరసత్వం తీసేసింది, 1951 మార్చిలో ఆస్తులను స్తంభింపజేసింది. 1 లక్షా 20 వేల మంది దాకా విమానాల్లో ఇక్కడికి వచ్చి పడ్డారు. వీళ్లను యూరప్ నుంచి వచ్చిన యూదులు చిన్నచూపు చూశారు, డేరాల శిబిరాల్లో బురదలో ఏళ్ల తరబడి ఉంచారు. అరబ్బు దేశాల నుంచి ఇలా వచ్చినవాళ్లూ, వేరే దేశాలకు పోయినవాళ్లూ అంతా కలిపి దాదాపు 8 లక్షల మంది. బాగ్దాద్ తిరిగి వెళ్లమంటే వెళ్లడానికి ఆవిడకు అక్కడ ఏముంది? ఆవిడను వలసవాది అనడానికి నాకు నోరు రాదు.

2025 జూన్‌లో ఇరాన్ క్షిపణులు ఈ ఊరి మీద పడిన రాత్రుల్లో సైరన్ మోగగానే ఆవిడను చక్రాల కుర్చీలోకి మార్చి, బ్రేకు తీసి, గడప దాటించి రక్షణ గదిలోకి చేర్చే లోపు నా చేతులు వణికేవి. ఇనుప తలుపు వేసుకున్నాక నేను గాజాలో ఉన్న ముసలమ్మల గురించి ఆలోచించేదాన్ని, ఎందుకంటే అక్కడ అటువంటి గది ఒక్క ఇంట్లోనూ లేదు. మేము మందులు కొనే దుకాణంలో పనిచేసే అరబ్బు అమ్మాయిది లోద్ పట్టణం, నిర్వాసితుడు గారు రాసిన లిడ్డా అదే. వాళ్ల తాత అన్నదమ్ములంతా ఆ జూలైలో పోయారు, తాత ఒక్కడే మిగిలాడు. మా పెద్దావిడా ఆ అమ్మాయీ అరబ్బీలో కబుర్లాడుకుంటారు. రాజకీయం మాత్రం ఎత్తుకోరు. ఎత్తుకుంటే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

ఇక్కడివాళ్లలోనూ ప్రభుత్వం మీద కోపం బాగా ఉంది. గాజాను హమాస్ చేతిలోనే ఉంచితే పాలస్తీనీయులు చీలి ఉంటారన్న లెక్కతో ఖతార్ డబ్బును లోపలికి పోనిచ్చినది నెతన్యాహుయేనని బందీల కుటుంబాలవాళ్లు వీధుల్లో నిలబడి అడిగారు.

జవాబు: వాల్తేరు విశ్వాసి

క్రైస్తవ మిత్రుల ప్రస్తావన వచ్చింది కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాను. మా సంఘాల్లో ఇజ్రాయెల్ కోసం ప్రార్థించడం మామూలే, యెరూషలేము యాత్రకు వెళ్లివచ్చినవారికి గౌరవం ఎక్కువ. అయితే యాత్ర బస్సు బేత్లెహేములో ఆగినప్పుడు అక్కడ చెక్కతో చేసిన బొమ్మలు అమ్మే దుకాణదారు పాలస్తీనా క్రైస్తవుడన్న సంగతి మనవారిలో చాలామంది గమనించరు. 1922లో ఆ దేశ జనాభాలో పదో వంతు దాకా క్రైస్తవులే. 2023 అక్టోబరులో గాజాలోని సెయింట్ పోర్ఫిరియస్ చర్చి ఆవరణ మీద బాంబు పడి, అక్కడ తలదాచుకున్న విశ్వాసులు చనిపోయారు. అబ్రాహాముకు చేసిన వాగ్దానాన్ని నేను నమ్ముతాను. ఆ వాగ్దానం 1950 నాటి భూమి చట్టానికి సమర్థన అవుతుందని ఏ ప్రవక్తా చెప్పలేదు, పైగా పొరుగువాడి ద్రాక్షతోటను కాజేసిన అహాబు రాజును ఏలీయా నిలదీసినది అదే గ్రంథంలో ఉంది.

ప్రశ్న అడిగినవారు: ద్వారకానగర్ పాఠకుడు

అందరికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది. జియోనిజం జాతివివక్షేనన్న 1975 నాటి ఐక్యరాజ్యసమితి తీర్మానానికి మన దేశం ఓటు వేసిందని విన్నాను. మరి ఇప్పటి వైఖరి ఎలా వచ్చింది?

జవాబు: భీమిలి మాస్టారు

వేసింది. 1991 డిసెంబరులో దాని రద్దుకూ ఓటు వేసింది, 1992 జనవరిలో మన పీవీ నరసింహారావు ప్రభుత్వం ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు నెలకొల్పింది. ఆ నెలలోనే పాలస్తీనా నాయకుడు యాసర్ అరాఫత్ ఢిల్లీ వచ్చి వెళ్లిన తర్వాతే ఆ ప్రకటన రావడంలో పీవీ మార్కు స్పష్టంగా కనిపిస్తుంది. 1988లో గుర్తించిన పాలస్తీనా రాజ్యాన్ని మాత్రం మనం వదులుకోలేదు.

నిర్వాసితుడు గారి అభ్యంతరానికి నా సమాధానం ఇది. 1948 అన్యాయం చిన్నదని నేను అనలేదు. రామత్‌గన్ అమ్మాయి చెప్పిన పెద్దావిడనూ, ఆవిడ మనవలనూ కదిలించకుండా దాన్ని సరిదిద్దే మార్గాలు నష్టపరిహారమూ, పరిమితంగా పునరాగమనమూ, పక్కనే ఒక పాలస్తీనా రాజ్యమూ. 2001 జనవరిలో ఈజిప్టులోని తాబాలో జరిగిన శాంతి చర్చల్లో ఇరుపక్షాలూ కాందిశీకుల సంగతి దాదాపు ఆ పద్ధతిలోనే మాట్లాడుకున్నాయి. 1967 తర్వాత కట్టిన ఊళ్లు ఆ మార్గం మీదే అడ్డంగా కూర్చున్నాయి. వాటిని నేను ముందు పెట్టినది అందుకే.

జవాబు: పెదగంట్యాడ నిర్వాసితుడు

నష్టపరిహారం దాకా వస్తే సంతోషమే, మాస్టారూ. కానీ అంతకు ముందు జరగవలసినది ఒకటుంది. ఇజ్రాయెల్ స్వాతంత్ర్య దినాన్ని పాలస్తీనీయుల విషాద దినంగా పాటించే సంస్థలకు ప్రభుత్వ నిధులు కోయడానికి 2011లో ఆ దేశ పార్లమెంటు ఆర్థిక మంత్రికి అధికారమిచ్చే చట్టం చేసింది. పోగొట్టుకున్నామని బహిరంగంగా చెప్పుకున్నందుకే గ్రాంటు కోసే చోట, ఎంత పోయిందో లెక్కగట్టే కమిటీ ఎలా కూర్చుంటుంది? ముందు ఆ చట్టం పోవాలి. మా పెద్దావిడ అంటూ ఆ అమ్మాయి రాసిన బాగ్దాద్ ఆస్తుల జాబితాను సైతం అదే బల్ల మీద పెట్టడానికి నాకేమీ అభ్యంతరం లేదు.